పొగ మింగి ఉరికే బండికి

ఓ ఆక్టేవియా ఆర్‌ఎస్, మ్లాదా బోలెస్లావ్ కార్ఖానా వంశంలో పుట్టి 2004లో మన రోడ్లెక్కిన దానా, నీకు దండం. చూపులకు పిల్లాపాపలతో ఊరెళ్లే సంసారపు బండివి. లోపల 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 హార్స్‌పవర్. యాక్సిలరేటర్ తొక్కితే క్షణంపాటు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటావు. ఆ తర్వాత వీపు సీటుకు అతుక్కుపోతుంది. గేరు మార్చేటప్పుడు వినీ వినిపించని నిట్టూర్పు ఒకటి విడుస్తావు. ఇన్నేళ్లయినా నిన్ను వెతుక్కుంటూ వచ్చేది దాని కోసమే.

పక్క బండ్లు తమ పొగను గాలికి వదిలేస్తాయి, నువ్వు నీ పొగను పనిలో పెడతావు. ఆ ఊపుకు ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, కుదించి, ఇంజిన్‌లోకి కూరుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905లో పేటెంటు చేసిన ఊహ ఇది. నిమిషానికి లక్ష చుట్లు దాటే ఆ ఇరుసును మోసేది పలచటి నూనె పొర. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు నీ ప్రాణం ఆ నూనెలో ఉంది తల్లీ.

అందుకే నిన్ను కొనవచ్చినవాడు పాలిష్ చూసి మురిసిపోకూడదు. నూనె మూత విప్పి, నల్లటి జిగురు పేరుకుందేమో వేలితో తడమాలి. కాసేపు ఐడ్లింగ్‌లో ఉంచి ఒక్కసారి గట్టిగా తొక్కించాలి. నీలం పొగ లేచిందా, నూనె కాలుతున్నట్టే. గాలి గొట్టం విప్పించి, ఇరుసు కొసను రెండు వేళ్లతో పట్టుకుని కదపాలి. పక్కలకు వెంట్రుకవాసి కదిలితే ఫరవాలేదు. ముందుకీ వెనక్కీ ఆడితే బేరింగు పోయింది.

నిన్ను వేగం చంపుతుందంటారు, నేను నమ్మను. హైవే మీద ఉరికించి, హోటల్ ముందు టక్కున తాళం తిప్పేసినవాడే నీకు యముడు. ప్రవాహం ఆగిన నూనె ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. ఆగాక ఓ నిమిషం నిన్ను ఊపిరి తీసుకోనిచ్చిన ఓనరు దొరికితే పదివేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు. (ఆ మాట అడిగినందుకు నవ్వినవాడి దగ్గర టీ తాగి లేచి రావడం మేలు.)

నీ 20 వాల్వులూ ఒక్క టైమింగ్ బెల్టును నమ్ముకున్నాయి. అది తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు ధరలో తగ్గించాల్సిందే.

కొనబోయేవారికి ఒక మాట. ఈ బండి 15 ఏళ్లు ఎప్పుడో దాటింది. ఆర్‌సీ రెన్యువల్ చూడందే అడ్వాన్సు ఇవ్వకండి. పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే వెళ్లి బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా తగిలితే లోపం దాచడానికి ముందే వేడెక్కించారేమో, బేరమాడకుండా, రేపు మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి.