పదాలు దొరికాయి, మాటలో?

భాషాశాస్త్రం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే మిత్రులకి నేను సిద్ధాంత గ్రంథాలు చెప్పను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన 'మాండలిక వృత్తిపదకోశం' తిరగేయమంటాను. 1962లో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది, 1971లో చేనేత పదాలది. నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణే గానీ, ఆదోని, ఎమ్మిగనూరు మాట చెవిలో ఉన్నవాణ్ణి. అందుకే రెండోది నాకు మరీ దగ్గర. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. పడుగు, పేక, నాడె, కండె అక్కడ రోజూ చేతికి తగిలే మాటలు.

ఈ కోశాల బలమంతా పద్ధతిలో ఉంది. పండితుల్ని వదిలి పనివాళ్లని అడిగారు. ఒకే వస్తువుని ఎక్కడెక్కడ ఏమంటారో పక్కపక్కన పెట్టారు. ఆ పదాలని బట్టే తెలుగుని పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా చూపించారు. సినిమాల్లో నవ్వులకి వాడే సీమ 'యాస' ఇక్కడ మిగతా మూడింటితో సమానంగా కూర్చుంది.

నా పేచీ కూడా ఆ పటంతోనే. కర్నూలు దక్షిణ మండలంలో పడింది, సరే. కానీ ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఇటొచ్చింది. గీత జరిగినంత తేలిగ్గా జనం నోళ్లు మారవు కదా! మన పాలు కన్నడంలో హాలు, మన పులి హులి. పాత కన్నడ 'ప' తర్వాత 'హ' అయిందని శాస్త్రం చెప్తుంది. ఆ సూత్రం వినకపోయినా రెండూ పలికే నోళ్లు ఇక్కడ బోలెడు. తెలుగుని మాత్రమే పంచే పటంలో ఆ నోటికి చోటేది?

ఇంకోటి. పదకోశం పదాన్ని ఇస్తుంది, మాట్లాడే తీరుని ఇవ్వలేదు. ఇస్తానని అది చెప్పనూ లేదు. 'వస్తాండాడు'లో 'ఉండు' ధాతువు 'ండ' ఇంకా వినపడుతుంది, 'వస్తున్నాడు'లో వినపడదు. ఇలాంటివి వాక్యంలోనే దొరుకుతాయి.

ఇప్పుడు యంత్రాలకి తెలుగు నేర్పుతున్నాం. పత్రికల తెలుగొక్కటే పెడితే, అది 'వస్తాండాడు'ని తప్పనుకుని దిద్దేస్తుంది. మా వృత్తిలో అలాంటివాటిని 'నాయిస్' అని తీసేస్తారు. భాషాశాస్త్రం చదివే పిల్లలు ఈసారి పదాల పట్టికతో పాటు రికార్డర్ కూడా పట్టుకుని ఎమ్మిగనూరు వెళ్లాలి. మగ్గం చప్పుడు మధ్యలో నేతగాళ్లు ఒకరితో ఒకరు ఏమనుకుంటున్నారో అదే మనకింకా అందని సంపుటం.