ఆటుపోట్ల భాష – మెట్టనేల పాఠకుడు: ‘ప్రళయకావేరి కథలు’ పరిశీలన

1. ఉపోద్ఘాతం

స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు పరిసరాల జీవితాన్ని చిత్రించిన సంపుటి. ప్రళయకావేరి ఆ సరస్సుకు పాతపేరు. సంభాషణలనే గాక కథనాన్ని కూడా రచయిత అక్కడి మాండలికంలోనే నడిపారు. ఇటువంటి రచనను భాషాసౌందర్యానికీ బాల్యస్మృతికీ పరిమితం చేసి చదవడం సులభం. ఆ పఠనంలో వృత్తిజ్ఞానం జారిపోతుందని చూపడం ఈ వ్యాసోద్దేశం.

2. పదం – పరిసరం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థికి చేపలవేట అంటే ప్రధానంగా చెరువువేట. వానకు చెరువు నిండుతుంది. ఎండకు నీరు తగ్గితే చేప చిక్కుతుంది. ఆ నీటి లెక్క ఏడాదికి సంబంధించినది. పులికాట్ స్థితి వేరు. శ్రీహరికోట దీవి సరస్సును బంగాళాఖాతం నుంచి వేరుచేస్తుంది. ముఖద్వారాల గుండా సముద్రపు నీరు లోపలికి వస్తుంది. తీరంలో పోటు, ఆటు రోజుకు రెండేసిసార్లు వస్తాయి. ముఖద్వారాల దాపున వల ఎప్పుడు, ఎక్కడ కట్టాలో ఆ కదలికను బట్టే తెలుస్తుంది. కనుక ‘పోటు’కు ‘నీరు పెరగడం’ అని అర్థం రాస్తే పదం తెలుస్తుంది గాని పని తెలియదు. మెట్టపాఠకునికి అసలు అడ్డంకి మాండలికం కాదు. దాన్ని పుట్టించిన నీటినడకతో పరిచయం లేకపోవడం.

3. స్మృతి – హక్కు

బాల్యదృష్టి ఈ సంపుటికి బలమూ, పరిమితీ. పిల్లవాని కంటికి సరస్సు సమృద్ధిగా కనిపిస్తుంది. ఆ సమృద్ధిలో ఎవరి వాటా ఎంతన్న ప్రశ్న ఆ వయసుకు సులభంగా అందదు. పులికాట్ దక్షిణభాగంలో వేటస్థలాలను వంతులవారీగా పంచుకొనే ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. వంతు ఉన్నవారికి అది న్యాయం, లేనివారికి కంచె. చేతులతో తడిమి రొయ్యలు పట్టే గిరిజనులు ఈ కంచెకు ఆవలివారు. ఇసుక మేటవేసి ముఖద్వారం పూడితే రొయ్యపిల్ల లోనికి రాదు. అప్పుడు వంతు ఉన్నవారికీ వల ఖాళీయే. పోటు రాని చోట ‘పోటు’ అనే మాట నిఘంటువులో మిగులుతుంది గాని నోట మిగలదు.

4. ముగింపు

మాండలికం అంతరిస్తోందని విచారించే విమర్శ, ఆ మాటను పలికించిన జీవనోపాధి ఏమైందో కూడా అడగాలి. ఈ సంపుటిని బోధించేటప్పుడు ప్రతి వృత్తిపదానికీ అర్థంతోపాటు పనిముట్టు, నీటివేళ, హక్కుదారు అనే మూడు వివరాలు చేర్చడం అవసరం. అప్పుడే ఈ కథలు గతవైభవ స్మరణగా మిగిలిపోక, సరస్సు వర్తమానాన్ని ప్రశ్నించే ఆధారాలవుతాయి.