జారే పిడి, తిరిగే పిడి: పసిబిడ్డ బండికి ఏది భద్రం?

విస్సన్నపేటలో మామిడి కోతలు మొదలయ్యాయంటే ఇళ్లు నిండే కాలం వచ్చినట్టే. తోటల్లో రసాలు, బంగినపల్లి దిగుతుండగానే హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి కూతుళ్లూ కొడుకులూ పిల్లలతో సెలవులకు వస్తారు. సామాన్లతో పాటు మడత స్ట్రోలర్ కూడా కారులోంచి దిగుతుంది. పట్నంలో దాన్ని నెట్టేది తల్లిదండ్రులు. ఇక్కడ అది అమ్మమ్మ చేతికో తాతయ్య చేతికో వస్తుంది. సిమెంటు రోడ్డు దిగి గ్రావెల్ మీద నడుస్తుంది, గుమ్మం ముందు ర్యాంపు ఎక్కుతుంది. పక్కింటివాళ్లకు పంపే రసాల సంచి దాని హ్యాండిల్‌కే వేలాడుతుంది.

ఎత్తు సర్దుకునే హ్యాండిల్ అవసరం తెలిసేది ఇలాంటి ఇంట్లోనే. అందుకే మార్కెట్లో దొరికే రెండు రకాల సర్దుబాటు హ్యాండిళ్లను ఈ ఇంటి అవసరమే గీటురాయిగా పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మొదటిది జారే పిడి. రెండు పక్కలా గొట్టంలో గొట్టం జారి పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. రెండోది తిరిగే పిడి. పళ్ల చక్రం ఉన్న కీలు దగ్గర అది పైకీ కిందికీ వంగుతుంది. రెండూ చేసే పని ఒకటే. బిడ్డకు వచ్చే ప్రమాదం మాత్రం ఒక్కోదానిలో ఒక్కో చోట ఉంది.

సర్దుబాటు ఎవరి కోసం

మడత బండికి మూలపురుషుడు ఓవెన్ మెక్లారెన్. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన బ్రిటిష్ ఇంజనీరు ఆయన. కూతురు మనవరాలిని తీసుకుని విదేశం నుంచి వచ్చినప్పుడు బరువైన ప్రామ్‌తో పడిన అవస్థ చూశాడు. 1965లో అల్యూమినియం గొట్టాలతో, గొడుగులా ముడుచుకునే బండికి రూపం ఇచ్చాడు. బరువు మూడు కిలోల లోపే. నేటికీ చవక బండ్లన్నీ దాదాపు ఆ పోలికలోనే వస్తున్నాయి. వాటికి రెండు విడి పిడులు ఉంటాయి, ఎత్తు మారదు. సర్దే కీలే లేదు కాబట్టి ఆ కీలు జారిపోతుందన్న భయమూ లేదు.

కానీ మనుషుల ఎత్తు ఒకటి కాదు. నేల నుంచి మోచేతి దాకా ఉండే ఎత్తు మనిషి ఎత్తులో సుమారు 63 శాతం. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉంది కనుక అమ్మమ్మ మోచేయి 96 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. 178 సెంటీమీటర్ల అల్లుడి మోచేయి 112 దగ్గర ఉంటుంది. చెయ్యి హాయిగా ఆనాలంటే పిడి మోచేతికి కాస్త కిందుండాలి. అల్లుడికి సరిపడిన పిడి అమ్మమ్మకు రొమ్ము దాకా వస్తుంది. ముందు చక్రాలు లేపి గుమ్మం ఎక్కించాలంటే పిడిని కిందికి నొక్కాలి. భుజాలు ఎగరేసి పట్టుకున్న చేతిలో ఆ బలం ఉండదు. అమ్మమ్మకు కుదిరిన పిడి పట్టుకుంటే అల్లుడు నడుము వంచాలి, అడుగు వేసినప్పుడల్లా కాలు వెనక ఇరుసుకు తగులుతుంది. కాబట్టి ఇద్దరి మధ్య ఉన్న పదహారు సెంటీమీటర్ల తేడాను పూడ్చడం భద్రతకు సంబంధించిన పనే.

వేలికి గండం ఎక్కడ

కీలు ఉన్న ప్రతిచోటా వేలికి గండం ఉంటుంది. 2009 నవంబరులో మెక్లారెన్ సంస్థ అమెరికాలో సుమారు పది లక్షల బండ్లను రీకాల్ చేసింది. బండి తెరిచేటప్పుడు పక్కనున్న మడత కీలులో పిల్లల వేళ్లు ఇరుక్కుని, 12 మందికి వేలికొసలు తెగినట్టు ఫిర్యాదులు అందాయి. కీళ్ల మీద వేయడానికి తొడుగులు ఇచ్చారు. 2014 నవంబరులో గ్రాకో సంస్థ దాదాపు 47 లక్షల బండ్లకు ఇదే కారణంతో రీకాల్ ప్రకటించింది. 11 ఫిర్యాదుల్లో పది వేలికొస పూర్తిగానో కొంతవరకో తెగినవే.

వేలు అంత సులువుగా ఎందుకు తెగుతుందో లెక్క వేసి చూస్తే పిడి పాత్ర బయటపడుతుంది. పిడి మడత కీలుకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. బిడ్డ వేలు కీలు నడిమికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఇరుక్కుంది. పెద్దవాళ్లు పిడి మీద అయిదు కిలోల బలం వేస్తే వేలి మీద పడేది నలభై రెట్లు, అంటే 200 కిలోలు. అడకత్తెర చేసే పని అక్షరాలా ఇదే. బండి తెరిచే మనిషి చేతికి ఆ బలం తెలియదు, చిన్న పట్టు ఏదో పడినట్టే ఉంటుంది.

ఇప్పుడు రెండు పిడులను ఈ లెక్కలో పెట్టండి. జారే పిడిని 15 సెంటీమీటర్లు పైకి లాగి ఉంచి బండి మడిస్తే దూరం 95 సెంటీమీటర్లు అవుతుంది, వేలి మీద బలం 240 కిలోల దగ్గరకు పోతుంది. తిరిగే పిడిలో వంపు మారినా మడత కీలు నుంచి దూరం అంతగా పెరగదు. ఈ విషయంలో తిరిగే పిడిదే పైచేయి.

అయితే తిరిగే పిడి ఇంకో కీలును అదనంగా తెస్తుంది. అది కొన్ని బండ్లలో బిడ్డ తల పక్కనే, నీడ గుడ్డ పక్కన ఉంటుంది. ఏడాది నిండిన పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి చాపితే అందుతుంది. కదిలే భాగాల మధ్య ఖాళీ 5 మిల్లీమీటర్లకు తక్కువైనా ఉండాలి, 12 మిల్లీమీటర్లకు ఎక్కువైనా ఉండాలన్నది పిల్లల వస్తువుల భద్రతలో పాటించే సూత్రం. వేలు దూరకూడదు, లేదా దూరిన వేలు నలగకుండా బయటికి రావాలి. జారే పిడిలో ఈ చిక్కు బిడ్డకు దూరంగా, వెనక్కి ఉంటుంది. అక్కడ నలిగేది పెద్దవాళ్ల వేలు. పిడి అడ్డకడ్డీ కిందికి దిగి ఫ్రేము అడ్డకడ్డీని తాకే చోట ఖాళీ మిగలాలి. యంత్రాల భద్రతలో వేలికి 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఐఎస్ఓ 13854 చెబుతుంది. ఇక్కడా అంతే ఉంచాలి.

రసాల సంచి ఎటు లాగుతుంది

మన ఊళ్లలో పిడి చేసే రెండో ఉద్యోగం సంచులు మోయడం. బండి వెనక్కి పల్టీ కొట్టే ప్రమాదం ఇక్కడి నుంచే వస్తుంది. ఖాళీ బండి ఏడు కిలోలు, దాని బరువు కేంద్రం వెనక ఇరుసుకు 25 సెంటీమీటర్లు ముందుందనుకుందాం. అయిదు కిలోల పళ్ల సంచి ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక వేలాడితే బండి నిలుస్తుంది. అదే సంచి 40 సెంటీమీటర్లు వెనక్కి పోతే, బిడ్డను ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కి పడుతుంది. బిడ్డ లోపలే ఉన్నా, సీటు వాల్చి పడుకోబెట్టి ర్యాంపు ఎక్కిస్తుంటే బరువు వెనక్కి జరుగుతుంది, ఆ పది సెంటీమీటర్ల తేడా ప్రాణం మీదకు తెస్తుంది.

రెండు పిడులూ ఇక్కడ ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తిస్తాయి. జారే గొట్టం 45 డిగ్రీల వాలులో ఉంటే ఎత్తు 16 సెంటీమీటర్లు పెరిగేసరికి పిడి అంతే దూరం వెనక్కి కూడా పోతుంది. పొడుగువాళ్లు నెట్టేటప్పుడే సంచి ఎక్కువ లాగుతుంది. తిరిగే పిడిలో 20 సెంటీమీటర్ల చేతులు 60 డిగ్రీలు పైకి లేస్తే పిడి కీలుకు 10 సెంటీమీటర్లే వెనక ఉంటుంది. నేలకు సమంగా దించితే పూర్తి 20 సెంటీమీటర్లు వెనక్కి వస్తుంది. అంటే పొట్టి మనిషి కోసం దించిన స్థితిలోనే బండి వెనక్కి పడే వీలు ఎక్కువ. విస్సన్నపేట ఇంట్లో పిడి ఎక్కువసేపు ఉండేది ఆ స్థితిలోనే. సంచులు తగిలించేదీ ఆ మనిషే. పడబోయే బండిని ఒంటి చేత్తో ఆపే బలం తక్కువున్నదీ ఆ మనిషికే. నా దృష్టిలో తిరిగే పిడికి ఉన్న పెద్ద లోపం ఇది.

సగం పడిన లాక్

లాక్ అసలే పడనప్పుడు మనం ఊరుకోం, పూర్తిగా పడినప్పుడు భయం లేదు. సగం పడినప్పుడే మోసం. జారే పిడిలో స్ప్రింగు బొత్తాం గొట్టం రంధ్రంలోంచి బయటికి పొడుచుకు వస్తుంది. పడిందా లేదా కంటితో చూడవచ్చు, వేలితో తడిమి చూడవచ్చు. కానీ ఒక పక్క బొత్తాం పడి రెండో పక్క పడకపోవడం దీనిలో తరచుగా జరిగేదే. ఒక వైపు మాత్రమే లాగితే గొట్టాలు వంకరగా బిగుసుకుంటాయి కూడా. తిరిగే పిడిలో పళ్లు డబ్బా లోపల కలుస్తాయి. పంటి కొస మీద పన్ను ఆగినా పైకి ఏమీ తెలియదు. గుమ్మం ఎక్కించడానికి నొక్కినప్పుడు పిడి ఒక్కసారిగా కిందికి జారుతుంది, మనిషి తూలుతుంది, చెయ్యి వదులుతుంది.

దుమ్ము సంగతి వేరు. ఇక్కడి ఎర్రమట్టి జారే గొట్టాల మధ్య చేరితే గీతలు పడతాయి, బొత్తాం మొరాయిస్తుంది. డబ్బాలో మూసి ఉన్న పళ్ల కీలు దుమ్మును కొంత తట్టుకుంటుంది. కానీ ఏళ్లు గడిచి పళ్లు అరిగితే ఆ సంగతీ లోపలే దాగిపోతుంది. మొరాయించే బొత్తాం విసిగిస్తుంది, విసుగు పుట్టింది కాబట్టి మరమ్మతు చేయిస్తాం. దాగిన అరుగుదలను ఎవరూ పట్టించుకోరు. అందుకే నేను మొదటి లోపాన్నే ఎంచుకుంటాను.

ఏది మేలు, ఎలా మేలు

ఈ మూడు పరీక్షలూ కలిపి చూస్తే ఈ ఇంటికి జారే పిడే తగినదని నా అభిప్రాయం. ఉన్నది ఉన్నట్టుగా మాత్రం కాదు. దానికున్న ఒకే ఒక్క పెద్ద దోషం, పొడవు పెరిగిన పిడితో మడిస్తే కీలు బలం పెరగడం. దాన్ని తీర్చే ఉపాయం ఆ గొట్టంలోనే ఉంది. పిడి అన్నిటికన్నా కింది మెట్టుకు దిగితే గానీ మడత మీట కదలకూడదు. ఫ్రేము పూర్తిగా తెరుచుకుని లాక్ పడేదాకా పిడి పైకి రాకూడదు. జారే పిడిలో లోపలి గొట్టం అడుగుకు దిగినప్పుడు ఒక కడ్డీని తాకి మడత మీటను విడిపిస్తే చాలు. తిరిగే పిడిలో ఇదే పనికి కీలు చుట్టూ తీగ లాగాలి. తీగ సాగుతుంది, తెగుతుంది. బస్సు ఎక్కే తొందరలో ఈ అదనపు పని విసుగనిపించవచ్చు. ఆ రెండు క్షణాల ఆలస్యంలోనే పెద్దవాళ్ల చూపు కీలు వైపు, బిడ్డ చెయ్యి వైపు మళ్లుతుంది. ఆ ఆలస్యం కావాలి.

ఎత్తు సర్దే బొత్తాలు, మడిచే మీట వేర్వేరు చోట్ల ఉండాలి, వేర్వేరు ఆకారంలో ఉండాలి. చీకట్లో తడిమినా తేడా తెలియాలి. ఎత్తుకు మూడు మెట్లు చాలు. ప్రతి మెట్టులోనూ రెండు పక్కలా బొత్తాం పడితేనే కనిపించే పచ్చ గుర్తు, పడకపోతే ఎర్ర గుర్తు ఉండాలి. జారే చోట రబ్బరు తొడుగు ఉంటే మట్టి లోపలికి పోదు. గొట్టం వాలు 45 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు నిటారుగా చేస్తే, అదే ఎత్తు పెరగడానికి పిడి వెనక్కి పోయే దూరం 16 నుంచి 9 సెంటీమీటర్లకు తగ్గుతుంది. సంచికి పిడి మీద కొక్కెం వద్దు. సీటు కింద, రెండు ఇరుసుల మధ్య బుట్ట పెట్టాలి. పిడికి మణికట్టు పట్టీ తప్పనిసరి చేయాలి.

కొనేవాళ్లు కూడా షాపులోనే కొంత తేల్చుకోవచ్చు. బిడ్డను పక్కన ఎవరికైనా ఇచ్చి, ప్రతి మెట్టులోనూ పిడిని నొక్కి ముందు చక్రాలు లేపి చూడాలి. కావాలనే ఒక పక్క బొత్తాం సగంలో ఆపి, అది బయటికి తెలుస్తుందో లేదో చూడాలి. ప్రతి కీలు దగ్గరా పెన్సిలు పెట్టి చూడాలి. పెన్సిలు మందం ఏడు మిల్లీమీటర్లు. అది దూరి, బొటనవేలు దూరని సందు కదిలే భాగాల మధ్య ఉంటే ఆ బండి వద్దు. ఇంట్లో అయితే ముందు బండి తెరిచి, లాక్ చూసి, బ్రేకు వేసి, ఆ తర్వాతే బిడ్డను తేవాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ బిడ్డ కూర్చునే బండి కీలు మీదా పెట్టాలి. తయారీదారులు తమ బండిని ఆరడుగుల యువకుడితో నునుపైన నేల మీద నడిపించి సరిపెట్టుకోకూడదు. అయిదడుగుల అరవై ఏళ్ల స్త్రీ చేతికిచ్చి, పళ్ల సంచి తగిలించి, గ్రావెల్ మీద నెట్టించి, ర్యాంపు ఎక్కించి చూడాలి. ఆ పరీక్ష నెగ్గిన పిడి ఎవరి చేతిలోనైనా భద్రంగానే ఉంటుంది. ఆ పరీక్ష పెట్టని పిడి ఎంత ఖరీదైనదైనా మన ఇళ్లకు తగినది కాదు.