ఆఖరి రెండు శాతం తేమ

ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిరి పట్టిన వడ్లు బయటికి వచ్చేసరికి వాటిలో తేమ 35 శాతం దాకా ఉంటుంది. మరపట్టాలంటే అది 14 శాతానికి దిగాలి. తేడా 21 కాబట్టి టన్ను వడ్ల నుంచి 210 కిలోల నీరు పోతే చాలనిపిస్తుంది.

చాలదు. తేమ శాతం మొత్తం బరువు మీద వేసే లెక్క. ఆరేకొద్దీ ఆ బరువే తగ్గిపోతుంది. మారనిది పొడి పదార్థం ఒక్కటే, కాబట్టి దాన్ని పట్టుకునే లెక్క నడవాలి. టన్నులో 350 కిలోలు నీరు, 650 కిలోలు పొడి పదార్థం. 14 శాతం తేమ దగ్గర ఆ 650 కిలోలు 86 శాతం అవుతాయి. అంటే మిగిలే వడ్లు సుమారు 756 కిలోలు, పోవాల్సిన నీరు 244 కిలోలు.

ఇక ఎంత వేగంగా పోతుందన్నది అసలు ప్రశ్న. 35 నుంచి 16 శాతానికి దిగేటప్పుడు 226 కిలోల నీరు పోతుంది. ఆ తర్వాత మిగిలేది 18 కిలోలే. మొదటి దశ 3 గంటల్లో, రెండోది 2 గంటల్లో ముగిసిందనుకుంటే గంటకు 75 కిలోల వేగం కాస్తా 9 కిలోలకు పడిపోయినట్టే. మొత్తాన్ని 5 గంటలతో భాగించి గంటకు 49 కిలోలని చెబితే, ఆ సగటు వేగం డ్రయ్యర్‌లో దాదాపు ఎక్కడా కనిపించదు.

మొదట్లో గింజ పైపైన ఉన్న నీరు సులువుగా ఆవిరవుతుంది. తర్వాత లోపలి నీరు పైకి చేరితేగానీ గాలికి అందదు. గింజలో ఇంకా పోవాల్సిన తేమ ఎంత మిగిలిందో దాన్నిబట్టే ఆరే వేగం ఉంటుందని రసాయన ఇంజినీరు డబ్ల్యూ. కె. లూయిస్ 1921లో సూత్రీకరించాడు. వేగం నిలకడగా ఉండే దశ, పడిపోయే దశ ఎలా వేరవుతాయో 1929లో మరో రసాయన ఇంజినీరు థామస్ షెర్వుడ్ వివరించాడు.

మిల్లరుకు నష్టం వచ్చేది ఈ రెండో దశలోనే. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)కు చెందిన భట్టాచార్య, ఇందుధరస్వామి 1967లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ఎంతో విలువైనది. ఉప్పుడు వడ్లు సుమారు 16 శాతం తేమ వరకు గట్టిగా ఆరబెట్టినా తట్టుకుంటాయి. అంతకు దిగువన ఏకబిగిన ఆరబెడితే నూక పెరుగుతుంది. గింజను నూక చేసే పగుళ్లు కూడా ఆరుతున్నప్పుడు కాదు, ఆరడం ఆగాక, లోపలి తేమ పొట్టు వైపు సర్దుకునేటప్పుడు పడతాయి. డ్రయ్యర్ దగ్గర నిక్షేపంలా కనిపించిన గింజ మర దగ్గరికి వచ్చేసరికి ముక్కలవుతుంది.

అందుకే మంచి మిల్లుల్లో తేమ 16–18 శాతానికి రాగానే వేడిగాలి ఆపేస్తారు. వడ్లను కొన్ని గంటలు పోగుగా ఉంచి, తర్వాత తక్కువ వేడితో రెండో విడత ఆరబెడతారు. డ్రయ్యర్లు లేని రోజుల్లో సిమెంటు చప్టాల మీద పలచగా పరిచి, కాళ్లతో తిరగేస్తూ ఎండబెట్టినప్పుడు కూడా మధ్యలో పోగుచేసి కప్పడంలో కిటుకు ఇదే. ఈ విరామాన్ని వృథా కాలమనుకుని తగ్గించుకునే మిల్లరు చేజేతులా నూక కొనితెచ్చుకుంటున్నాడు. వేసవి వేడికి యాసంగి వడ్లు పచ్చి బియ్యంగా ఆడిస్తే ఎక్కువగా విరుగుతాయనే కదా, తెలంగాణలో వాటిని ఉప్పుడు బియ్యం చేసేది! విరగకుండా కాపాడటానికి ఉడికించినదాన్ని తొందరపడి ఆరబెట్టి విరగ్గొట్టుకుంటే ఆ శ్రమంతా వృథా.

ఇంధనానికీ ఇదే లెక్క పనికొస్తుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి కావాలి. 244 కిలోలకు దాదాపు 586. కిలో ఊక 13 మెగాజౌళ్ల దాకా ఇస్తుంది కాబట్టి, ఏ నష్టమూ లేకపోతే 45 కిలోల ఊక చాలు. బాయిలర్‌లోనూ పొగగొట్టంలోనూ పోయే వేడిని కలిపితే అంతకు రెండింతలకు పైగా పట్టవచ్చు. ఆ 756 కిలోల వడ్లను ఆడిస్తే వచ్చే ఊక సుమారు 150 కిలోలు.