14 మిల్లీమీటర్ల పనితనం

పెంటాక్స్ 67 లెన్సును పెంటాక్స్ 645 కెమెరాకు తగిలించే అడాప్టర్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లకు కాస్త నిరాశే కలుగుతుంది. అందులో గాజు లేదు, బ్యాటరీ లేదు. నల్లటి లోహపు రింగు, నడుమ ఖాళీ, అంతే. పెంటాక్స్ కంపెనీ తన పెద్ద కెమెరా లెన్సులు తన చిన్న కెమెరాకూ పనికిరావాలని తానే తయారు చేసిన వస్తువు ఇది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూస్తే, దానిలో పని ఎక్కడ జరిగిందో మెల్లగా తెలుస్తుంది.

రెండు కెమెరాల్లోనూ వేసేది 120 రీలే. 1969లో వచ్చిన పెంటాక్స్ 6×7 ఒక్కో బొమ్మకు సుమారు 55×70 మి.మీ. ఫిల్ము వాడుకుంటుంది, రీలుకు 10 బొమ్మలు. 1984లో వచ్చిన 645కు 41.5×56 మి.మీ. చాలు, రీలుకు 15 బొమ్మలు. బొమ్మ పెద్దదైతే లోపల అద్దం పెద్దది కావాలి, అది పైకి లేవడానికి చోటూ కావాలి. అందుకే 67లో లెన్స్ కూర్చునే మౌంటుకూ ఫిల్ముకూ మధ్య 84.95 మి.మీ. దూరం ఉంచారు. 645లో అద్దం చిన్నది కాబట్టి 70.87 మి.మీ. సరిపోయింది. తేడా 14.08 మి.మీ. ఆ తేడాను నింపడమే రింగు పని.

ఇదే పని తిరగేసి చేయడం కుదరదు. 645 లెన్సును 67కు పెట్టాలంటే దాన్ని 14 మి.మీ. లోపలికి దించాలి, అక్కడేమో అద్దం కదులుతుంటుంది. దించగలిగినా ఆ లెన్స్ వేసే వెలుగు వృత్తం పెద్ద ఫిల్ము మూలలదాకా అందదు. పెద్ద కెమెరా లెన్సుకు ఈ ఇబ్బంది లేదు. దాని వృత్తం చిన్న ఫిల్మును కప్పేసి ఇంకా మిగులుతుంది.

గాజుపలకల రోజుల్లో ఈ పనికి రింగు అవసరమే ఉండేది కాదు. ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టింది 1886లో. ఆ కాలపు చెక్క కెమెరాల్లో పలక పెట్టె లోపల చట్రం అమర్చి చిన్న పలక వేసుకునే వీలుండేది, ముందున్న లెన్స్ మాత్రం అదే. దూరం సరిచూసుకోవడానికి తిత్తి ముందుకూ వెనక్కీ సాగేది. తర్వాత మన ఊళ్ల స్టూడియోల్లో ఏళ్ల తరబడి పెళ్లిళ్లు తీసిన యాషికా, రోలీఫ్లెక్స్ వంటి ట్విన్ లెన్స్ కెమెరాల్లో రీలుకు 12 చదరపు బొమ్మలు వచ్చేవి కానీ, లెన్స్ ఊడదీసే ప్రసక్తే లేదు. లెన్స్ మార్చుకునే ఎస్‌ఎల్‌ఆర్‌లు వచ్చాక తిత్తి సర్దిపెట్టిన దూరాన్ని లోహంలోనే కోసి పెట్టాల్సి వచ్చింది. తిత్తిలో తప్పు వస్తే వేళ్లతో జరుపుకోవచ్చు. లోహంలో వస్తే అది అక్కడే ఉండిపోతుంది.

అందుకే ఈ రింగులో ముందు చూడాల్సింది మందం. కాస్త ఎక్కువైతే లెన్స్ ఇన్ఫినిటీకి చేరదు. దగ్గరి ముఖాలు బాగానే వస్తాయి, దూరపు కొండ మాత్రం ఎంత తిప్పినా మసకగానే ఉంటుంది. కాస్త తక్కువైతే బొమ్మకు ముప్పు లేదు, ఫోకస్ ఇన్ఫినిటీ దాటి ఇంకొంచెం తిరుగుతుందంతే. చవక రింగులు చేసేవాళ్లు ఈ కిటుకు తెలిసి, ఎందుకైనా మంచిదని వెంట్రుకవాసి పలచగా కోస్తారు. అప్పుడు లెన్స్ మీద రాసిన దూరాల అంకెలకు అర్థం ఉండదు. లెన్స్ f/2.4లో ఉన్నప్పుడు ఫిల్ము దగ్గర చెల్లే తేడా ఇటు 0.1, అటు 0.1 మి.మీ.కి కాస్త పైన, అంతకు మించి లేదు.

రెండోది సమాంతరం. రింగు ముందు ముఖమూ వెనక ముఖమూ ఒకదానికొకటి పూర్తి సమాంతరంగా ఉండాలి. లేకపోతే లెన్స్ ఓ పక్కకు ఒరుగుతుంది, ఎడమవైపు చురుగ్గా ఉన్న బొమ్మ కుడివైపు నీరసిస్తుంది. దీన్ని వ్యూఫైండర్‌లో పట్టుకోవడం కష్టం, నెగెటివ్‌ను లూప్ కింద పెడితే బయటపడుతుంది. ఇక రెండు వైపులా రెండు వేర్వేరు మౌంట్లు. ఒకవైపు బరువైన 67 లెన్సును పట్టుకోవాలి, మరోవైపు 645 బాడీలో కదలకుండా కూర్చోవాలి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును పోగుపోగునా కలిపే కుప్పడం పని తెలిసినవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. రెండు స్వభావాలు కలిసేచోటే నేతగాడి చేయి తెలుస్తుంది, ఇక్కడా అంతే. మంచి రింగులో లెన్స్ తిప్పి బిగించాక దాన్ని పట్టుకుని ఊపినా ఆట ఉండదు.

మూడోది లోపలి నలుపు. 67 లెన్స్ దాదాపు 90 మి.మీ. వెడల్పున వెలుగు వేస్తుంది, 645 బొమ్మకు మూల నుంచి మూలకు కావాల్సింది 70 మి.మీ. మిగిలిన వెలుగు ఊరికే పోదు. రింగు గోడకూ కెమెరా లోపలి గోడకూ తగిలి తిరిగి ఫిల్ము మీద పడి, నలుపును బూడిద చేస్తుంది. లోపలి గోడకు మెరుపు లేని నలుపు వేయడం అందం కోసం కాదు. పాలమూరు ఎండలో తీసేవాళ్లు లెన్సుకు లోతైన హుడ్ కూడా పెట్టుకోవాలి. బొమ్మ చిన్నది కాబట్టి మామూలు కంటే పొడుగు హుడ్ పెట్టినా మూలలు నల్లబడవు.

ఆత్మకూరు వాళ్లకు ఈ రింగును పరీక్షించడానికి దగ్గర్లోనే జూరాల ఉంది. కృష్ణమ్మ తెలంగాణలోకి వచ్చాక తగిలే మొదటి ప్రాజెక్టు అది. దూరంగా నిలబడి లెన్సును ఇన్ఫినిటీ గుర్తుకు ఆనించి, అపర్చర్ పూర్తిగా తెరిచి గేట్ల వరుస చూడాలి. గేటు అంచులు నిలువుగా, స్పష్టంగా కనిపిస్తే మందం సరిపోయినట్టే. ఆ వరుస బొమ్మలో ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేలా ఒక ఫ్రేము తీసి, నెగెటివ్‌లో రెండు చివర్లూ పోల్చుకుంటే సమాంతరం సంగతీ తేలిపోతుంది.

ఇంత శ్రమ ఏ లెన్స్ కోసం? ముఖ్యంగా 105 మి.మీ. f/2.4 కోసం. 645కు కంపెనీ ఇచ్చిన మామూలు లెన్స్ 75 మి.మీ. f/2.8. దాని వెలుగు ద్వారం సుమారు 27 మి.మీ., 105ది దాదాపు 44 మి.మీ. వెనకాల ఉన్నదంతా కరిగిపోయి ముఖం ముందుకు వచ్చేది ఆ ద్వారం వల్లే. 67 మీద ఈ 105 లెన్స్ 35 మి.మీ. కెమెరాలో 50 లెన్స్ చూసినంత చూస్తుంది, 645 మీద 65 లెన్స్ చూసినంత. అంటే మనిషి ముఖం మీదకు ఎక్కకుండా ఓ అడుగు వెనక నిలబడి పోర్ట్రెయిట్ తీయొచ్చు. అంచులు ఫిల్ము బయటే ఉండిపోతాయి, మధ్యలోని మేలైన భాగమే బొమ్మకు దక్కుతుంది.

ఈ 105 తొలి తరాల్లో థోరియం కలిపిన గాజు వాడారు. ఏళ్లు గడిస్తే ఆ గాజు పసుపెక్కుతుంది. బ్లాక్ అండ్ వైట్‌కు ఆ పసుపు లేత ఫిల్టర్‌లా ఉపయోగమే, కలర్ తీసేవాళ్లకే తలనొప్పి. అతినీలలోహిత కిరణాలు తగిలితే రంగు మళ్లీ తగ్గుతుంది. అలాగని మన వేసవి ఎండలో పెట్టకూడదు. వేడికి లోపలి గ్రీజు కరిగి అపర్చర్ రేకుల మీదకు పాకుతుంది, పైగా లెన్స్ ఎండను ఒకచోటికి పోగుచేసి కాల్చగలదు. యూవీ ఎల్‌ఈడీ దీపం కింద కొన్ని రోజులు ఉంచడం మేలు.

రింగు చేయలేనిదీ ఒకటుంది. అపర్చర్‌ను దానంతటదే మూసే ఏర్పాటు ఇందులో లేదు. పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, చేత్తో మూసి, చీకటి పడిన వ్యూఫైండర్‌లోంచి చూస్తూ తీయాలి. పరుగెత్తే పిల్లలకు ఇది పనికిరాదు. వైడ్ లెన్సులకు కూడా ఈ తంటా దండగ. 67లో వైడ్ అయిన 55 మి.మీ. 645 మీద ఆ వెడల్పు కోల్పోతుంది, అంతకంటే వెడల్పుగా చూసే 45, 35 మి.మీ. లెన్సులు 645కే ఉన్నాయి.

67 కెమెరా, మీటర్ ప్రిజం, 105 లెన్స్ కలిస్తే బరువు రెండు కిలోలు దాటుతుంది. ఆ లెన్స్ మీద మక్కువ ఉండి, భుజానికి అంత బరువు వద్దనుకునేవాళ్లకు, రీలుకు ఐదు బొమ్మలు ఎక్కువ రావాలనుకునేవాళ్లకు ఈ రింగు సరైన వస్తువు. కొనేటప్పుడు ఆట ఉందేమో ఊపి చూడండి, లోపలి నలుపు రాలిందేమో టార్చి వేసి చూడండి, ఇన్ఫినిటీ పట్టిందో లేదో దూరపు గట్టు మీద చూడండి. మూడూ సరిపోతే దాన్ని 105 వెనక బిగించి అక్కడే ఉంచేయండి. ఊరికే తీసి పెడుతుంటే రెండు మౌంట్లూ అరుగుతాయి.