ప్రతాపరెడ్డి పుస్తకం ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల పక్కన, ఒక జిరాక్స్ దుకాణం ముందు, ఒక విద్యార్థి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పట్టుకుని అడుగుతున్నాడు: “మొత్తం తీస్తే కేసయితదా అన్నా?” అట్ట తిప్పితే ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అని అచ్చయి వుంది మరి! ఆ కుర్రవాడి భయం కంటే ఆ వాక్యమే నన్ను ఎక్కువ బాధించింది.

1957 కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత జీవితకాలంలో వెలువడిన రచనపై హక్కు ఆయన పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు నిలుస్తుంది. 1949లో వెలువడిన ఈ గ్రంథకర్త 1953లో మరణించాడు. కనుక 2013తో ఆ హక్కు తీరిపోయింది. ఎవరైనా అచ్చు వేయవచ్చు, అనువదించవచ్చు, నాటకంగా మలచవచ్చు. కొత్త ముందుమాట, కొత్త వివరణలు మాత్రం వాటిని రాసినవారివి. ఆ నాలుగు పేజీల నెపంతో నాలుగు వందల పేజీలకు కంచె వేయడాన్ని ఏమనాలి? పరీక్షల కోసం మూలాన్ని కత్తిరించి, ఆ సంగతి చెప్పకుండా ప్రతాపరెడ్డి పేరుతోనే అమ్మడం ఇంకా పెద్ద నేరమని నా అభిప్రాయం. అందరిదీ అంటే అనాథ అని కాదు.

శ్రీశ్రీ విషయంలో మనవాళ్లు ఎదురుగా పొరబడతారు. ప్రజాకవి గనుక ప్రజలదే అనుకుంటారు. ఆయన 1983లో పోయాడు. హక్కు 2043 చివరిదాకా వుంది.

ఈ 60 మొదట 50. 1941లో మరణించిన టాగూరు రచనలపై విశ్వభారతి హక్కు 1991తో ముగియబోతుండగా మరో పదేళ్లు పెంచారు. ఒక్క మహాకవి నిమిత్తం దేశంలోని రచయితలందరి గడువూ జరిగింది. 1940లో పోయిన గిడుగు రామమూర్తి ఒక్క ఏడాది తేడాతో ముందే జనం సొత్తయ్యాడు!

రచయిత కుటుంబం బతకవద్దా అంటారు. బతకాలి. కాని ఎల్.బి. నగర్‌లో నాకొక మిత్రుడున్నాడు, ఒక కథకుడి కొడుకు. తండ్రి కథలు ఎవరైనా వేస్తే చాలు, పైసా వద్దంటాడు. రచయిత బతికుండగా తన హక్కును తానే వదులుకోవడానికి చట్టం 21వ సెక్షన్‌లో దారి వుంది; ఆయనకు అది తట్టలేదు. ఇప్పుడు వారసులు అయిదుగురు. ఒకరు సంతకం పెట్టరు. సంపుటి ఉన్నదల్లా ఒకే ప్రతి, చెదలు తిన్నది. కథకుడు పోయి ఇరవై రెండేళ్లు. ఇంకా ముప్ఫై ఎనిమిదేళ్లు ఆగాలి.