రొట్టెపనివారి ఉబ్బసము : రమట్సీని గ్రంథములోని గుణములు, కొఱతలు

వైద్యశాస్త్ర చరిత్రలో బెర్నార్డినో రమట్సీని రచించిన 'వృత్తికారుల వ్యాధులు' అను లాటిను గ్రంథమునకు విశిష్టమైన స్థానము కలదు. అది 1700లో ఇటలీలోని మొదేనా నగరమున వెలువడెను. 1713లో గ్రంథకర్త మఱికొన్ని వృత్తులను చేర్చి దానిని పెంచెను. గనిపనివారు, కుమ్మరులు, కమ్మరులు మొదలగువారి కష్టములను వర్ణించిన ఆ పుస్తకములో రొట్టెలు కాల్చువారిని, పిండి మరలవారిని గూర్చిన అధ్యాయమొకటి ఉన్నది. దానిని నేటి విజ్ఞానముతో పోల్చి చదివినచో అందలి పరిశీలన ఎంత నిశితమో, వివరణ ఎంత అసంపూర్ణమో తెలియును.

రమట్సీని గమనించినదేమి? లోకమంతయు నిద్రించు వేళ రొట్టెపనివారు మేల్కొని పనిచేయుదురు. పిండి జల్లించునపుడు ముఖమునకు గుడ్డ కట్టుకొన్నను గాలిలో తేలు రేణువులు లోనికి పోక మానవు. అందువలన దగ్గు, ఆయాసము, గొంతు బొంగురు కలిగి, తుదకు ఉబ్బసము పట్టుకొనును. ధాన్యము జల్లించువారికి, కొలుచువారికి గూడ ధూళివలన ఇట్టి బాధలే కలుగునని ఆయన వేఱొక అధ్యాయములో వ్రాసెను. ఊపిరి బలమును కొలుచు సాధనమేదియు లేని కాలమున ఇంతమాత్రము గ్రహించుట సామాన్యము కాదు.

పీఠికలో ఆయన చేసిన సూచన అంతకన్న విలువైనది. రోగిని అడుగవలెనని హిప్పోక్రేటసు చెప్పిన ప్రశ్నలకు 'నీ వృత్తి యేమి?' అను మఱియొక ప్రశ్నను ఆయన చేర్చెను. ఈ ప్రశ్న వేయని వైద్యుడు రొట్టెపనివాని జబ్బును సాధారణమైన ఉబ్బసముగా ఎంచి, మందిచ్చి, మరల ఆ పిండిలోనికే పంపును.

ఇక కొఱతలు. పిండి నోటి తడితో కలిసి పులిసి, ముద్దగా మారి, శ్వాసమార్గములకు పూతవలె అంటుకొని గాలికి అడ్డుపడునని రమట్సీని తలచెను. వినుటకు ఇది సబబుగనే ఉండును. పరీక్షకు మాత్రము నిలువదు. పూతయే కారణమైనచో ఒకే గదిలో ఒకే పిండిని పీల్చువారిలో కొందఱికే వ్యాధి ఏల రావలెను? ఏండ్ల తరబడి సుఖముగా పనిచేసినవానికి తరువాత ఏల మొదలు కావలెను? మొదలైన పిమ్మట కొద్దిపాటి ధూళికే ఊపిరి ఏల బిగియవలెను? ఈ మూడు ప్రశ్నలకు ముద్ద సిద్ధాంతమున సమాధానము లేదు.

ఇందులకు గ్రంథకర్తను నిందింపరాదు. 'ఎలర్జీ' అను మాటను వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో కల్పించెను. ఎలర్జీకి ఆధారమైన ప్రతిరక్షకమును 1966, 1967 సంవత్సరములలో అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యొహాన్సన్, బెన్నిక్ అనువారును వేర్వేరుగా గుర్తించిరి. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అను పేరు స్థిరపడెను. గోధుమ పిండిలోని కొన్ని మాంసకృత్తులకు ప్రతిగా కొందఱి శరీరము ఈ ప్రతిరక్షకమును తయారుచేయును. ఇందులకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. పిదప ఆ పిండి తగిలినంతనే కొన్ని కణముల నుండి హిస్టమిను మొదలగు పదార్థములు వెలువడును. శ్వాసనాళముల కండరములు బిగియును, లోపలి పొర వాచును. పై మూడు ప్రశ్నలకును సమాధానము ఇందే దొరకును.

కారణము తెలిసినంత మాత్రమున రోగనిర్ణయము సులభము కాలేదు. రమట్సీని ప్రశ్న అనుమానమును కలిగించును గాని నిర్ధారణ చేయజాలదు. రొట్టెపనివానికి చిన్ననాటి నుండియే ఉబ్బసము ఉండవచ్చును. పొగ దానిని రేపవచ్చును. మఱికొందఱికి పిండి పీల్చిన కొన్ని గంటలకు గాని ఆయాసము రాదు. రాత్రి పనిచేసినవానికి పగలు ఇంటివద్ద పిల్లికూతలు వినబడినచో, పనిని వదలి ఇంటిని అనుమానింతురు. కావున సెలవు దినములలో బాధ తగ్గుచున్నదా, మరల పనిలో చేరినపుడు హెచ్చుచున్నదా, ఆయాసమునకు ముందు తుమ్ములు, పడిశము, కన్నుల దురద ఉండెనా అని విడమరచి అడుగవలెను.

మాటతో తెలిసినదానిని కొలతతో సరిచూడవలెను. ఇందులకు పీక్ ఫ్లో మీటరు ఉపకరించును. రైట్, మెకెరో అనువారు ఊపిరి వేగమును కొలుచు ఈ సాధనమును 1959లో వర్ణించిరి. రోగి దినమునకు కనీసము నాలుగు పర్యాయములు, పనిదినములలోను సెలవులలోను, కొన్ని వారములపాటు ఊది చూడవలెను. ప్రతి పర్యాయము మూడుమార్లు ఊది, అందులో హెచ్చు అంకెను వ్రాసికొనవలెను. ఆ అంకెలను గ్రాఫు కాగితముపై గీసినపుడు, గీత పనిదినములలో దిగి సెలవులలో ఎక్కినచో, పనికిని వ్యాధికిని గల సంబంధము కంటికి కనబడును.

చర్మపరీక్షనో రక్తపరీక్షనో అంతిమమైన తీర్పుగా గ్రహించుట నేడు కనబడు పొరపాటు. పరీక్షలో గోధుమకు ప్రతిక్రియ కనబడినను ఉబ్బసము లేనివారు ఉందురు. గడ్డిజాతి పుప్పొడి పడనివారిలో సైతము గోధుమ పరీక్ష అట్లు ఫలించవచ్చును. ప్రతిక్రియ లేనంత మాత్రమున పని నిర్దోషి యనుటయు సరికాదు. పిండిలో చేర్చు ఆల్ఫా-అమైలేజు అను ఎంజైము రొట్టెపనివారికి ఉబ్బసము కలిగించునని 1986లో బౌర్, అతని సహచరులు చూపిరి. గోధుమకు మాత్రమే పరీక్షించినచో ఈ కారణము దాగిపోవును. సందేహము తీరనప్పుడు అనుమానిత పదార్థమును కొద్దికొద్దిగా పీల్పించి చూచు పరీక్ష ఒకటి కలదు. అది ప్రమాదకరము గనుక నిపుణులున్న ఆసుపత్రిలోనే జరుగవలెను.

ఇంత జాగ్రత్త ఎందులకనగా, తప్పు ఎటు జరిగినను నష్టము శ్రామికునిదే. వ్యాధిని గుర్తింపక పిండిలోనే ఉంచినచో ఉబ్బసము ముదిరి, పని మానిన పిదపకూడ విడువకపోవచ్చును. లేని వ్యాధిని ఉన్నదని చెప్పినచో అతడు చేతనైన పనిని, కూలిని అనవసరముగా పోగొట్టుకొనును. త్వరగా గుర్తించి పిండికి దూరము చేసినవారే కోలుకొనుటకు ఎక్కువ అవకాశము కలదు. సంచులను నెమ్మదిగా వంచుట, పిండిని చేతితో ఎగజల్లకుండుట, పొడి చీపురుతో ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో తుడుచుట మొదలగు ఉపాయములు ధూళిని చాలవరకు తగ్గించును. మన పట్టణములలోని బేకరీలకును, ఊళ్లలోని పిండి మరలకును ఇవి వర్తించును.

రమట్సీని అధ్యాయమును కారణ నిరూపణకై చదివినచో నిరాశయే కలుగును. శ్రామికుని చూచు పద్ధతికై చదివినచో అది నేటికిని పాఠ్యమే. ముద్ద సిద్ధాంతమును విడిచి, ఆయన ప్రశ్నను నిలుపుకొని, దానికి కొలతను, పరీక్షను జోడించుటయే మూడు శతాబ్దములలో వైద్యము సాధించిన అభివృద్ధి. ఒక సిద్ధాంతము తప్పినను దాని వెనుకనున్న పరిశీలన నిలువవచ్చునని ఉపాధ్యాయులు విద్యార్థులకు బోధించుటకు ఇది మంచి ఉదాహరణము.